డిప్రెషన్‌ను రక్తపరీక్ష పట్టేస్తుందా? ల్యాబ్‌కు వెళ్లే ముందు ఇది చదవండి

యూసుఫ్‌గూడ నుంచి అమీర్‌పేట దాకా వెళ్తే ల్యాబ్ బోర్డులు ఎన్నో కనిపిస్తాయి. షుగర్, థైరాయిడ్, విటమిన్ డి... దేనికైనా పరీక్ష ఉంది. మరి డిప్రెషన్‌కు?

ఇప్పటికైతే లేదు. డిప్రెషన్, బైపోలార్ ఉన్నాయని ఒక్క రక్తపరీక్షతో తేల్చే పద్ధతి ఇంకా వైద్యంలోకి రాలేదు. మరి డాక్టర్ టీఎస్‌హెచ్ ఎందుకు రాస్తారు? థైరాయిడ్ తగ్గినా నీరసం, దిగులు, మతిమరుపు వస్తాయి. అసలు కారణం అదేనేమో చూసుకోవడానికే.

పరిశోధన మాత్రం ఆగలేదు. 1980ల్లో కార్టిసాల్ హార్మోన్ ఆధారంగా వచ్చిన డెక్సామెథసోన్ పరీక్షపై చాలా ఆశలు పెట్టుకున్నారు. డిప్రెషన్ లేని ఇతర రోగుల్లోనూ పాజిటివ్ రావడంతో దాన్ని పక్కన పెట్టారు. సీఆర్‌పీ ఎక్కువగా ఉన్నవారికి కొన్ని మందులు అంతగా పనిచేయవని కొన్ని అధ్యయనాలు చెప్పాయి. కానీ జలుబు చేసినా సీఆర్‌పీ పెరుగుతుంది కదా!

2023లో కేంబ్రిడ్జి శాస్త్రవేత్తల ఫలితం కాస్త ఆసక్తికరం. వేలిపై గుచ్చి తీసిన రక్తపు చుక్కతో, డిప్రెషన్ అనుకున్నవారిలో బైపోలార్ ఉన్నవారిని గుర్తించే ప్రయత్నం అది. రక్తపరీక్ష ఒక్కటే పట్టుకున్నది సుమారు 30 శాతం మందినే. ప్రశ్నావళి తోడైతే ఫలితం మెరుగైంది. అంటే యంత్రం వచ్చినా, మిమ్మల్ని ప్రశ్నలు అడగక తప్పదు.

ఈ తేడా ఎందుకంత ముఖ్యం? బైపోలార్ చాలామందిలో మొదట దిగులుగానే బయటపడుతుంది. దాన్ని మామూలు డిప్రెషన్ అనుకుని యాంటీడిప్రెసెంట్ ఒక్కటే ఇస్తే, కొందరిలో ఉద్రేకం (మేనియా) మొదలవ్వచ్చు. అందుకే నిద్ర లేకున్నా హుషారుగా తిరిగిన రోజులు, ఎడాపెడా డబ్బు ఖర్చు చేసిన రోజులు ఉంటే డాక్టర్‌కు తప్పక చెప్పండి. అలాంటివి మనకంటే ఇంట్లోవాళ్లకే బాగా గుర్తుంటాయి.

ఇప్పటికే తప్పనిసరైన రక్తపరీక్ష ఒకటుంది. అది లిథియం వాడేవారికి. రాత్రి మాత్ర వేసుకున్న 12 గంటలకు, ఉదయం మాత్రకు ముందే రక్తం ఇవ్వాలి. మోతాదు సాధారణంగా 0.6 నుంచి 1.0 మధ్య ఉండేలా చూస్తారు. 1.5 దాటితే ప్రమాదం. ఎండాకాలంలో వాంతులు, విరేచనాలై ఒంట్లో నీరు తగ్గినా, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు సొంతంగా వేసుకున్నా అది పెరిగిపోతుంది. చేతులు బాగా వణుకుతున్నా, మాట తడబడుతున్నా వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. థైరాయిడ్, కిడ్నీ పరీక్షలూ సుమారు ఆరు నెలలకోసారి ఉంటాయి.

ఎక్కడికి వెళ్లాలి? యూసుఫ్‌గూడలో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారితే, మూడో స్టేషన్ ఎర్రగడ్డ. ప్రభుత్వ మానసిక వైద్యశాల అక్కడే. మన ఊళ్లో ఆ పేరును తిట్టుగా వాడే అలవాటు వల్ల ఎంతమంది వెనకాడుతున్నారో! ముందు ఫోన్‌లో మాట్లాడాలనుకుంటే టెలి మానస్ 14416 ఉంది. 2022 అక్టోబరులో మొదలైంది, 24 గంటలూ ఉచితం, తెలుగులోనూ మాట్లాడొచ్చు. ఓపీకి వెళ్లేటప్పుడు పాత చీటీలు, వాడుతున్న మాత్రల స్ట్రిప్పులు పట్టుకెళ్లండి. వీలైతే ఇంట్లోవాళ్లలో ఒకరిని వెంట తీసుకెళ్లండి.