కొండ బొమ్మ గోడకెక్కింది, మరి కొండ ఎవరిది?

ఊరి బొమ్మలు మనం చాలానే చూశాం. క్యాలెండర్ల మీద, బ్యాంకు గోడల మీద, ఆఫీసరు గారి కుర్చీ వెనకాల. చెరువు గట్టు, వరసగా తాటిచెట్లు, పచ్చటి వరిచేలు, దూరంగా ఒక కొండ. చూడముచ్చటగానే ఉంటాయి. అయితే ఆ చేలో వంగి నాటేసిన ఆడమనిషి ఎవరు, ఆ చేను ఎవరి పేర ఉంది అని అడిగితే మాత్రం బొమ్మ పలకదు. బొమ్మ కింద గీసినాయన సంతకం ఉంటుంది. భూమి తాలూకు సంతకాలు వేరే ఆఫీసులో, వేరే పుస్తకంలో ఉంటాయి.

ఈ సంగతి తేల్చుకోవడానికి ఈసారి మేము చాలా దూరం, ఆస్ట్రేలియా దేశం నడిబొడ్డుకు పోతున్నాం. తన నేలను బొమ్మగా గీసి దేశమంతా పేరు మోసిన ఒక ఆదివాసి అక్కడ ఉండేవాడు. పేరు ఆల్బర్ట్ నమట్జీరా. ఆయన బతుకు మన వాడల్లో కూర్చుని చదువుకోదగ్గది.

ఆలిస్ స్ప్రింగ్స్ అనే పట్నానికి పడమటగా హెర్మన్స్‌బర్గ్ ఉంది. 1877లో లూథరన్ మిషన్ వాళ్ళు పెట్టిన ఊరు. 1934లో అక్కడికి ఇద్దరు తెల్ల చిత్రకారులు వచ్చారు. ఒకరు రెక్స్ బాటర్బీ, ఇంకొకరు జాన్ గార్డ్‌నర్. ఇద్దరిదీ కొండలు, వాగులు, చెట్లు గీసే పనే. ఇద్దరి బొమ్మలూ కలిపి ఆ మిషన్‌లోనే ప్రదర్శన పెట్టారు. చూడటానికి వచ్చింది పట్నం షావుకార్లు కాదు. ఆ నేలకు తరతరాల వారసులైన అరంద జనం.

ఆ ఇద్దరూ చేసిన పనిని మేము మెచ్చుకుంటున్నాం. మన వాడల్లోకి వచ్చి మన పాటలు, మన ముఖాలు పట్టుకుపోయినోళ్ళు ఎందరో ఉన్నారు. వాళ్ళలో తిరిగొచ్చి 'ఇదిగో, ఇది మీది, చూడండి' అన్నవాళ్ళు ఎందరు? అయితే ఒకటి గుర్తు పెట్టుకోవాలి. అక్కడ గోడమీది బొమ్మలు తెల్లోళ్ళవి. బొమ్మల్లోని కొండలు చూడవచ్చినోళ్ళవి.

చూడవచ్చినోళ్ళలో నమట్జీరా ఒకడు. 1902లో ఆ మిషన్‌లోనే పుట్టాడు. కమ్మరి పని, వడ్రంగం, పశువుల కాపలా, ఒంటెలు తోలడం అన్నీ చేశాడు. చెక్క మీద కాల్చిన కమ్మితో బొమ్మలు వేసి అమ్మేవాడు. ప్రదర్శన చూశాక ఈ బొమ్మలకు పట్నంలో ఏం ధర పలుకుతుందని అడిగాడని, ఈ పని నేనూ చేయగలనన్నాడని చెబుతారు. 1936లో బాటర్బీ మళ్ళీ వచ్చినప్పుడు ఒక ఒప్పందం కుదిరింది. నమట్జీరా ఒంటెలు తోలి దారి చూపిస్తాడు, బాటర్బీ నీటిరంగుల పని నేర్పుతాడు. సుమారు రెండు నెలలు కలిసి తిరిగారు. 1937లో అడిలైడ్‌లో బాటర్బీ తన ప్రదర్శనలో శిష్యుడి బొమ్మలు మూడు కూడా పెట్టాడు. 1938లో మెల్బోర్న్‌లో నమట్జీరా ఒక్కడి బొమ్మలే 41 పెడితే అన్నీ అమ్ముడుపోయాయి.

అంతా ఇక్కడితో ఆగిపోతే పేదోడు పైకొచ్చిన మంచి కథ అయ్యేది. పత్రికలు అలాంటి కథలనే ఇష్టపడతాయి. మేము అసలు కథ చెబుతాం.

ఆయన బొమ్మల అచ్చుప్రతులు తెల్లోళ్ళ ఇళ్ళల్లో గోడలకెక్కాయి. ఎర్రటి కొండలు, నీలి నీడలు, జామాయిల్ జాతి చెట్ల తెల్లటి బోదెలు. ఆ సొమ్ము మీద సర్కారు ఆదాయపు పన్ను కూడా వసూలు చేసింది. అప్పుడు నమట్జీరా న్యాయమైన కోరిక ఒకటి కోరాడు. పశువుల్ని పెంచుకోవడానికి కొంత భూమి కౌలుకిమ్మన్నాడు. 1950 నాటికి కాదన్నారు. కారణం, ఆదివాసి. పోనీ అని ఆలిస్ స్ప్రింగ్స్‌లో స్థలం తీసుకుని ఇల్లు కట్టుకోబోతే దానికీ అనుమతి లేదన్నారు. కారణం అదే. పట్నం గోడల మీద ఆయన గీసిన కొండ ఉండొచ్చు, పట్నంలో ఆయన ఉండకూడదు! ఊరి బయట ఎండిన వాగు పక్కన గుడారం వేసుకుని బతికాడు.

ఈ ముక్క చదువుతుంటే మనకు బరోడా గుర్తుకు రాకుండా ఉంటుందా? 1917లో బాబాసాహెబ్ అంబేద్కర్ అమెరికాలో, లండన్‌లో చదువుకుని వచ్చి బరోడా సంస్థానం కొలువులో చేరినప్పుడు ఆయనకు తల దాచుకోను ఇల్లు దొరకలేదు. పేరు మార్చుకుని పార్సీ సత్రంలో ఉంటే కర్రలు పట్టుకొచ్చి వెళ్ళగొట్టారు. అక్కడ చదువుకు దండం పెట్టి మనిషిని గెంటారు. ఇక్కడ బొమ్మకు దండం పెట్టి మనిషిని గెంటారు. దేశాలు వేరు, పద్ధతి ఒక్కటే.

1953లో ఇంగ్లండు రాణి పట్టాభిషేకం పతకం ఇచ్చారు. 1954లో కాన్‌బెర్రా పిలిపించి రాణితో కలిపించారు. అప్పటికింకా ఆయన సొంత దేశంలో పౌరుడు కాడు. 1957లో గాని పౌరసత్వం రాలేదు. అదీ ఆయనకు, ఆయన భార్య రూబీనాకు మాత్రమే. కడుపున పుట్టిన పిల్లలు, చుట్టపక్కాలు మాత్రం సర్కారు సంరక్షణలో ఉండే మైనర్ల లెక్కలోనే మిగిలిపోయారు. నెరిసిన తల ఉన్నా మైనరే!

ఉన్నది నలుగురితో పంచుకోవడం అరంద వాళ్ళ ఆచారం. పౌరుడు మద్యం కొనొచ్చు, సంరక్షణలో ఉన్నోడు ముట్టకూడదన్నది అక్కడి చట్టం. 1958లో తోటి చిత్రకారుడు, బంధువు అయిన ఒకతనికి మద్యం అందించాడని నమట్జీరా మీద కేసు పెట్టారు. ఆరు నెలల శిక్ష వేశారు. దేశమంతా గోల పుడితే అప్పీలులో మూడు నెలలకు తగ్గించారు. రెండు నెలలు నిర్బంధంలో ఉండి వచ్చాడు. మనిషి కుంగిపోయాడు. 1959 ఆగస్టు 8న 57 ఏళ్ళకే చనిపోయాడు.

తాగుడును మేము వెనకేసుకు రావడం లేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట అక్కచెల్లెళ్ళు సారా మీద లేచిన పోరాటం మనది. కాని తన జనం బాగు కోసం తామే వద్దనడం వేరు. పుట్టుక చూసి ఒకడికి హక్కు, వాడి తమ్ముడికి జైలు అనడం వేరు. నమట్జీరా ఎదట చట్టం పెట్టిన షరతు ఒక్కటే: మా గౌరవం కావాలంటే నీ జనాన్ని వదులుకో. చదువుకుని ఉద్యోగం తెచ్చుకున్న మన పిల్లలకు ఈ షరతు బాగా తెలుసు.

ఇంకో మోసం కాగితాల్లో జరిగింది. 1957లో ఒక ప్రచురణ సంస్థతో ఆయన చేసుకున్న ఒప్పందంలో బొమ్మల అచ్చు హక్కులు వాళ్ళ చేతికి పోయి, రాయల్టీలో వాటా మాత్రం ఆయనకు మిగిలింది. పోయాక ఆస్తి వ్యవహారాలు సర్కారు ట్రస్టీ చేతికి వచ్చాయి. 1983లో ఆ ట్రస్టీ మొత్తం కాపీరైటును 8,500 డాలర్లకు ఆ సంస్థకే అమ్మేశాడు. తాత గీసిన బొమ్మ అచ్చయితే మనవళ్ళకు పైసా రాలేదు. ఏళ్ళ తరబడి పోరాడితే 2017లో ఆ హక్కు కుటుంబం కోసం పెట్టిన ట్రస్టుకు తిరిగొచ్చింది.

కళ గురించి ఒక మాట. ఆయనది తెల్లోళ్ళ పద్ధతికి నకలు అని కొందరు విమర్శకులు తేల్చేశారు. మనోడు పద్యం రాస్తే 'మా ఛందస్సే కదా' అంటారు, పాట కడితే 'ఇదీ సాహిత్యమేనా' అంటారు. ఎటు తిరిగినా మనదే తప్పు. రంగులు కలపడం బాటర్బీ నేర్పాడు, నిజమే. కాని ఆ కొండ ఎవరి తాతల కథ, ఏ వాగులో ఏ కాలాన నీళ్ళుంటాయి అన్నది నమట్జీరాకు ఎవరూ నేర్పలేదు. తెల్లోళ్ళ కళ్ళకు అది అందమైన చోటు. ఆయనకు అది ఇల్లు.

మరి భూమి ఎలా వచ్చింది? ప్రదర్శనలతో రాలేదు. 1966లో వేవ్ హిల్ అనే పశువుల ఎస్టేటులో విన్సెంట్ లింగియారి నాయకత్వంలో గురింజీ జీతగాళ్ళు పని మానేసి బయటకు నడిచారు. కూలి కోసం మొదలైన సమ్మె భూమి కోసం ఏళ్ళ తరబడి సాగింది. 1975లో ప్రధానమంత్రి విట్లమ్ స్వయంగా వచ్చి పిడికెడు మట్టి లింగియారి చేతిలో పోశాడు. 1976లో ఆ ప్రాంతానికి ఆదివాసుల భూమి హక్కుల చట్టం వచ్చింది. 1982లో హెర్మన్స్‌బర్గ్ మిషన్ భూమి కూడా అరంద జనానికి తిరిగొచ్చింది. అది చూడటానికి నమట్జీరా లేడు. ఆయన వారసులు ఇప్పుడు ఆలిస్ స్ప్రింగ్స్‌లో తమవాళ్ళే నడుపుకునే కళాకేంద్రంలో అవే కొండలు గీస్తున్నారు.

అందుకే బొమ్మలు వద్దని మేము అనడం లేదు. గీయండి, పాడండి, డప్పు కొట్టండి. మన వాడ బొమ్మ ముందు మన వాడలోనే పెట్టి చూపించండి. శాలువా కప్పితే కప్పించుకోండి. కాని వేదిక దిగగానే మూడు ప్రశ్నలు వేయండి. ఈ పాట, ఈ బొమ్మ మీద హక్కు కాగితం ఎవరి పేర ఉంది? మన డి-పట్టా భూమి, లావణి పట్టా భూమి ఎవరు దున్నుకుంటున్నారు? నాకు ఇచ్చిన కుర్చీలో నా వాడ మనిషి కూర్చోగలడా? ఎవరైనా కాగితం పట్టుకొచ్చి సంతకం అడిగితే, చదువుకున్న పిల్లలతో నలుగురి ముందు చదివించుకున్నాకే పెట్టండి.

గోడ మీది కొండకు దండేసి అసలు కొండను దాచుకునేవాళ్ళు ఇక్కడా ఉన్నారు. దండలు వాళ్ళనే ఉంచుకోమందాం. మన నేల మనం అడుగుదాం.