అంకె చెప్పి తప్పుకుంటే సరిపోతుందా?

ఒక దర్శకుడి సినీ జీవితాన్ని వెనక్కి తిరిగి చూడటం ఎలాగో మన టీవీ విశ్లేషకులకు బాగానే తెలుసు. 2017 మే 30న దాసరి నారాయణరావు చనిపోయినప్పుడు ‘తాత మనవడు’తో మొదలుపెట్టి, ‘మేఘసందేశం’ (1982) దగ్గర కాసేపు ఆగి, ‘ఒసేయ్ రాములమ్మా’ (1997) దాకా వచ్చారు. ఒకే మనిషి ఇన్ని రకాల సినిమాలు ఎలా తీయగలిగాడని చర్చించారు. 2023 ఫిబ్రవరి 2న కె. విశ్వనాథ్ పోయినప్పుడు ‘శంకరాభరణా’నికి ముందు, తర్వాత అని విడదీసి మరీ మాట్లాడారు. మంచిదే. దర్శకత్వం అనే పనికి ఇవ్వాల్సిన గౌరవమే అది. మరి 2019 జూన్ 27న విజయనిర్మల చనిపోయినప్పుడు ఆ విశ్లేషణ అంతా ఎటు పోయింది?

ఆ రాత్రి నేను చూసిన గంటసేపటి చర్చలో తెర మీద నాలుగు గడులు, నాలుగింటిలోనూ మగవాళ్లే. ఆమె మొదట సూపర్‌స్టార్ కృష్ణ భార్య. తర్వాత నరేశ్ తల్లి. ఆ తర్వాత గిన్నిస్ రికార్డు గ్రహీత. 44 సినిమాలు తీసిన మహిళ అని పదేపదే అన్నారు. ఆ 44లో పేరు పెట్టి చెప్పినవి అయిదు దాటలేదు. మిగిలిన సమయమంతా పెళ్లి ఎలా జరిగింది, ఇంటికి వచ్చినవాళ్లకు ఎంత ఆప్యాయంగా భోజనం పెట్టేవారు అన్న ముచ్చట్లతో గడిచిపోయింది. 2022 నవంబర్ 15న కృష్ణ చనిపోయినప్పుడు మళ్లీ అదే తంతు. ఈసారి ఆమె ఆయన జీవితకథలో ఒక పేజీ.

అంకె గొప్పదే, కాదనను. 2002లో గిన్నిస్ ఆమెను ప్రపంచంలో అత్యధిక చిత్రాలకు దర్శకత్వం వహించిన మహిళగా గుర్తించింది. కానీ మన విశ్లేషకుల నోట్లో ఆ అంకె సినిమాలు చూడకుండా తప్పించుకునే దారి అయింది. దాసరి విషయంలో నూట యాభై దాకా సినిమాలనే సంఖ్య చర్చకు తలుపు తీసింది. విజయనిర్మల విషయంలో సంఖ్య చెప్పగానే చర్చ ముగిసింది. మగవాడు ఎక్కువ పనిచేస్తే అది ప్రతిభ. ఆడది ఎక్కువ పనిచేస్తే అది వింత.

సరే, వాళ్లు వదిలేసిన పని మనం చేద్దాం. ఆమె దర్శకత్వం మొదలైంది 1973లో, అదీ మలయాళంలో, ‘కవిత’తో. అదే ఏడాది తెలుగులో ‘మీన’. 1974లో ‘దేవదాసు’. 1979లో అక్కినేని, కృష్ణలతో ‘హేమాహేమీలు’. 1980లో ‘అమర్ అక్బర్ ఆంథోనీ’కి తెలుగు రూపమైన ‘రామ్ రాబర్ట్ రహీమ్’, అందులో రజనీకాంత్. ఆ ఏడాదే ‘కిలాడి కృష్ణుడు’, తెలుగులో విజయశాంతి తొలి చిత్రం. 1983లో శివాజీ గణేశన్‌తో ‘బెజవాడ బెబ్బులి’. చివరి సినిమా 2009లో ‘నేరము-శిక్ష’. నవల, విషాద ప్రేమకథ, మల్టీస్టారర్, రీమేక్, యాక్షన్! ముప్పై ఆరేళ్ల ఈ దారిలో మలుపులు లేవా? ఎందుకు మలుపు తిరిగిందని అడగాల్సిన అవసరం ఎవరికీ కనిపించలేదా?

‘మీన’ సంగతే తీసుకోండి. యద్దనపూడి సులోచనారాణి రాసిన నవల. రాసింది స్త్రీ, తెరకెక్కించింది స్త్రీ, ప్రధాన పాత్ర వేసింది ఆ దర్శకురాలే. తల్లి పెత్తనం కింద పెరిగిన ధనవంతుల అమ్మాయి తన జీవితాన్ని తానే ఎంచుకునే కథ. సీతాఫల్‌మండిలో మా పక్కింటి పిన్నిగారు పెళ్లయిన కొత్తలో అద్దె పుస్తకాల షాపు నుంచి ఆ నవల తెచ్చుకుని చదివి, ఆ తర్వాత సినిమాకు వెళ్లారట. “మీ బాబాయిగారు కృష్ణ సినిమా అని వచ్చారమ్మా. నేను యద్దనపూడి సినిమా అని వెళ్లాను” అన్నారు నాతో. డెబ్భైల నాటి మహిళా ప్రేక్షకుల గురించి టీవీ విశ్లేషకులు గంటసేపట్లో చెప్పలేనిది ఆవిడ రెండు వాక్యాల్లో చెప్పేశారు. నవలా రచయిత్రులు తయారుచేసిన పాఠకురాలే థియేటర్లో ప్రేక్షకురాలైంది. ఆ సంగతి పసిగట్టి ఆ నవలతోనే తెలుగులో దర్శకురాలిగా అడుగుపెట్టడం విజయనిర్మల తీసుకున్న నిర్ణయం. 2016లో ‘అ ఆ’ వచ్చినప్పుడు ‘మీన’తో పోలికల గురించి చర్చ జరిగింది. అప్పుడైనా 1973 నాటి దర్శకురాలి పనిని తిరిగి చూడవలసింది.

‘దేవదాసు’ను 1953 నాటి వేదాంతం రాఘవయ్య చిత్రంతో పోల్చి పక్కన పడేశారు. ఆ పోలికలో ఓడిపోవచ్చు. కానీ శరత్ కథలో పార్వతి పాత్ర వేసిన నటే కెమెరా ఎక్కడ పెట్టాలో నిర్ణయించింది కదా! గడప దాటడానికి వీల్లేని పార్వతిని ఆమె ఎలా చూసింది? దేవదాసు తాగుడును ఎంత దూరం నుంచి చూసింది? జవాబు నిరాశపరిచేదే కావచ్చు. అయినా అడగాల్సిన ప్రశ్నే అది.

చర్చలో ఒక పెద్దమనిషి ఇంకో మాట కూడా అన్నాడు. కృష్ణగారి అండ ఉండబట్టే ఆమె ఇన్ని సినిమాలు తీయగలిగిందట. అండ లేని దర్శకుడెవరో చూపించమనండి. నిర్మాతలైన తండ్రులు, స్టూడియోలున్న మామలు, డేట్లిచ్చే హీరో స్నేహితులు ఉన్న మగవాళ్ల జాబితా ఎంత పొడుగు! వాళ్ల అండను పరిచయాలంటారు, ఈమె పరిచయాన్ని అండ అంటారు. ఇంకో విషయం. మూడు భాషల్లో ‘చండీరాణి’ (1953) తీసిన భానుమతి, స్త్రీ సాంకేతిక నిపుణులతో ‘చిన్నారి పాపలు’ (1968) తీసిన సావిత్రి, వాళ్ల తర్వాత విజయనిర్మల. ముగ్గురూ ముందు తారలు. యాదృచ్ఛికం కాదిది. సహాయ దర్శకుడిగా చేరి పని నేర్చుకునే దారి ఆడవాళ్లకు మూసి ఉన్నప్పుడు, పేరూ డబ్బూ ఉన్న నటికి మాత్రమే ఆ కుర్చీ అందింది. అండ గురించి మాట్లాడాలంటే ముందు ఆ మూసిన తలుపు గురించి మాట్లాడాలి.

ఇక మన సంగతి. టీవీ వాళ్లను తిట్టడం సులువు. స్త్రీవాద విమర్శ మాత్రం ఆమెను ఎంత పట్టించుకుంది? ఆమె సినిమాలు చాలావరకు హీరో చుట్టూ తిరిగేవే. అవి మాస్ సూత్రాన్ని ధిక్కరించలేదు, దాంట్లోనే పనిచేశాయి. కాబట్టి మనకు పనికిరావనుకున్నాం. స్త్రీ తీసినది స్త్రీవాద చిత్రం అయితేనే చదువుతామనడం కూడా ఒక రకం షరతే. మగ దర్శకులకు ఆ షరతు లేదు. వాళ్ల మంచి సినిమాలనూ చెత్త సినిమాలనూ సమానంగా విప్పి చూస్తాం, తప్పులు పట్టడానికైనా. విజయనిర్మలకు ఆ తప్పులు పట్టే గౌరవం కూడా దక్కలేదు. పితృస్వామ్య సూత్రాన్ని ఒక స్త్రీ ముప్పై ఆరేళ్లు చేత్తో పట్టుకుని నడిపినప్పుడు ఆ చేతిలో అది ఎక్కడైనా వంగిందా, లేక ఆ చేయే వంగిందా? స్త్రీవాద విమర్శకు ఇంతకన్నా అసలైన ప్రశ్న ఏముంటుంది?

ఇది పోయినవాళ్ల గురించిన గొడవ మాత్రమే కాదు. 2011లో ‘అలా మొదలైంది’తో నందినీరెడ్డి వచ్చినప్పుడు కూడా ముందు ‘లేడీ డైరెక్టర్’ అన్నారు, తర్వాతే సినిమా గురించి మాట్లాడారు. ఇప్పుడు పనిచేస్తున్న అమ్మాయిలనూ ఒకరోజు ఇదే బల్ల ముందు ఇలాగే తూస్తారు. ఎవరి కూతురు, ఎవరి భార్య, ఎన్ని తీసింది!

విశ్లేషకులను కోరేది పొగడ్త కాదు. 44 అని చెప్పే ముందు నాలుగైనా చూసి రండి. చూసి, బాగాలేవని చెప్పండి. ఎందుకు బాగాలేవో దర్శకురాలితో మాట్లాడినట్టు చెప్పండి, ఇంటి ఇల్లాలి గురించి మాట్లాడినట్టు కాదు. సాహిత్య పరిశోధనలో ఉన్న మన స్నేహితురాళ్లను కోరేది కూడా అదే. ‘మీన’ నవలను ఒక చేత్తో, ‘మీన’ సినిమాను ఇంకో చేత్తో పట్టుకుని పని మొదలుపెడదాం.