ఆధారం అడిగే సాహిత్యం

డిటెక్టివ్ నవలలంటే మనకింకా చిన్నచూపే. కొమ్మూరి సాంబశివరావు యుగంధర్ నవలల్ని పాఠ్యపుస్తకాల మధ్య దాచుకుని చదివిన తరం కూడా వాటిని సాహిత్యం అనడానికి జంకుతుంది. డిటెక్టివ్ నవల ఎలా పుట్టిందో తెలిస్తే ఈ జంకు పోవాలి.

నేరగాథలు పాతవే. ఉరికంబం ఎక్కినవాళ్ల కథల్ని లండన్ వీధుల్లో ఎప్పటినుంచో అమ్మేవారు. వాటిలో నేరానికీ శిక్షకీ పెద్దపీట. రుజువు సంగతి వెనకబడేది. 1841లో అమెరికన్ రచయిత ఎడ్గార్ ఎలన్ పో ఆ రుజువునే కథగా మలిచాడు. పారిస్‌లో జరిగిన జంట హత్యల చిక్కుముడిని ఆయన సృష్టించిన డ్యూపిన్ కేవలం తర్కంతో విప్పాడు. మరుసటి ఏడాదే లండన్ పోలీసుల్లో ఎనిమిది మందితో డిటెక్టివ్ శాఖ ఏర్పడింది.

ఆ ఎనిమిది మందిలో జాక్ విచర్ ఒకడు. 1860 వేసవిలో విల్ట్‌షైర్‌లోని రోడ్ అనే ఊళ్లో, ఒక కలిగినవారి ఇంట మూడేళ్ల బాబు హత్యకు గురయ్యాడు. స్థానిక పోలీసులు ఆయాను అనుమానించారు. విచర్ చాకలి పద్దు తీయించాడు. బాబు సవతి అక్క, పదహారేళ్ల కాన్‌స్టన్స్ నైట్‌గౌను ఒకటి లెక్కకు రాలేదు. ఆమెను అరెస్టు చేశాడు. ఒక మామూలు పోలీసు పెద్దింటి పిల్లను వేలెత్తి చూపడమేమిటని పత్రికలు మండిపడ్డాయి. కేసు నిలవలేదు, విచర్ పరువు పోయింది. 1865లో కాన్‌స్టన్స్ తానే నేరం ఒప్పుకుంది.

ఈ కేసు ఛాయలతోనే రచయిత విల్కీ కాలిన్స్ 1868లో ‘ద మూన్‌స్టోన్’ రాశాడు. అందులో ఒక దొర ఇంట వజ్రం పోతుంది. అక్కడి తలుపు మీది పచ్చి రంగు ఒకచోట చెదిరి ఉంటుంది. స్థానిక అధికారి దాన్ని పట్టించుకోడు, నౌకర్ల మీద పడతాడు. డిటెక్టివ్ సార్జెంట్ కఫ్ మాత్రం ఆ మరక దగ్గరే ఆగి, రంగు అంటిన బట్ట ఎవరిదని అడుగుతాడు. పోయిన వజ్రం కూడా 1799లో శ్రీరంగపట్నం ముట్టడిలో ఒక ఇంగ్లిష్ అధికారి హత్య చేసి దోచుకున్నదే. దొర ఇంట్లో దొంగసొత్తు ఉందని కాలిన్స్ మొదటే చెప్పేశాడు.

అనుమానం ఎప్పుడూ పనివాళ్ల మీదికే పోయే లోకంలో, మనిషి హోదా కాదు, ఆధారం చూడమని పట్టుబట్టిన సాహిత్యం ఇది. ఇప్పటికీ లాకప్‌లో కొట్టి నేరం ఒప్పించే హీరోకు మన సినిమాహాళ్లలో చప్పట్లు పడుతున్నాయి. అందుకే అడుగుతున్నాను: మీ పిల్లల చేతిలో డిటెక్టివ్ నవల కనిపిస్తే లాక్కోకండి. రుజువు ఏదని అడిగే అలవాటు వాళ్లకు అబ్బనివ్వండి.