పుట్టింటి వాటాకు పన్ను కట్టాలా?

హన్మకొండలో మాకు తెలిసిన చెల్లెలొకామెకు తల్లి పోయాక బ్యాంకు డబ్బులో తన వాటా నాలుగు లక్షలు వచ్చింది. "నీ ఖాతాలో వేస్తే ఇన్‌కంటాక్స్ వాళ్ళు అడుగుతారమ్మా, నా పేరున ఉండనీ" అన్నాడట వాళ్ళన్న. ఈ భయం మనలో చాలామందికి ఉంది. అందుకే ఈ వారం పచ్చళ్ళు, పొడులు పక్కనపెట్టి ఈ సంగతి చెప్పుకుందాం.

మన దేశంలో వారసత్వంగా గానీ, వీలునామా వల్ల గానీ వచ్చిన డబ్బును ఆదాయంగా లెక్కకట్టరు. నాలుగు లక్షలైనా, నలభై లక్షలైనా అంతే. పూర్వం చనిపోయినవారి ఆస్తిమీద ఎస్టేట్ డ్యూటీ ఉండేది. 1953లో వచ్చిన ఆ పన్నును 1985లోనే ఎత్తేశారు.

మరి పన్ను దేనికంటారా? చెట్టుకు లేదు, కాసిన కాయకుంది! ఆ డబ్బు డిపాజిట్ చేస్తే వచ్చే వడ్డీ, అమ్మ ఇల్లు మన పేరున మారాక వచ్చే అద్దె, ఇవన్నీ మన ఆదాయమే. ఏడాదికి మన మొత్తం ఆదాయం ప్రభుత్వం పెట్టిన హద్దు దాటితేనే పన్ను. అమ్మ నగలో, ఇల్లో అమ్మితే వచ్చే లాభం లెక్క మాత్రం వేరు. అమ్మేముందు ఆడిటర్‌ని అడగండి. అమ్మ కొన్నప్పటి రసీదులు అప్పుడు అక్కరకొస్తాయి.

"మావారి పేరున వేస్తే వడ్డీమీద పన్ను తప్పుతుందా?" అంటారేమో. తప్పదు. భార్య ఊరికే ఇచ్చిన సొమ్ముమీద భర్తకొచ్చే వడ్డీని తిరిగి భార్య ఆదాయంలోనే కలుపుతారు. ఇక అన్నదమ్ముల పేరున వేశామంటే, కాగితాల ప్రకారం ఆ సొమ్ము వాళ్ళదే. రేపు మన అవసరానికి వాళ్ళను చెయ్యి చాపి అడగాలి.

కాబట్టి వాటా చెక్కుగానో, బ్యాంకు ద్వారానో మన ఖాతాలోకే తీసుకోవాలి. ఒకరి దగ్గర రెండు లక్షలు, ఆపైన నగదుగా పుచ్చుకోకూడదని చట్టం. మరణ ధృవపత్రం, తహసీల్దారు ఆఫీసు ఇచ్చే కుటుంబ సభ్యుల సర్టిఫికెట్టు, వీలునామా ఉంటే దాని నకలు, బ్యాంకు ఇచ్చిన కాగితం ఒక ఫైల్లో పెట్టి బీరువాలో దాచండి. ఎవరడిగినా "ఇదీ మా అమ్మ సొమ్ము" అని చూపించవచ్చు.

వీలునామా లేకపోతే తల్లి సొంత ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమాన వాటా ఉందని 1956 నాటి హిందూ వారసత్వ చట్టమే చెప్పింది. ప్రేమతో అన్నదమ్ములకు ఇచ్చుకుంటారా, అది మీ ఇష్టం. లేని పన్నుకు భయపడి మాత్రం వదులుకోకండి.