కష్టపడితే రాజులం అయిపోతామా?

మన గ్రూపుల్లో మళ్ళీ అదే వీడియో. సిరియా నుంచి ప్రాణాలు అరచేత పట్టుకుని పారిపోయిన అబ్దుర్ రహమాన్, 756లో స్పెయిన్‌లోని కార్డోబాలో ఉమయ్యద్ రాజ్యం స్థాపించాడట, మనమూ నోరు మూసుకుని కష్టపడాలట!

సగం కథే చెప్తున్నారు. ఆయన ఖలీఫా హిషామ్ మనవడు. ఆయన దిగకముందే బద్ర్ అనే ఒకప్పటి బానిస సముద్రం దాటెళ్ళి, అక్కడున్న ఉమయ్యద్ పక్షం వాళ్ళని కూడగట్టాడు.

న్యూజిలాండ్‌లో దిగిన మనకి తాత పేరు పనికిరాదు. వీసా యజమానితో ముడిపడి ఉంటుంది, అందుకే జీతం కోసినా కిక్కురుమనం. దోపిడీని రిపోర్ట్ చేసి బయటపడేవాళ్ళకి 2021 నుంచి వేరే వీసా ఉందని ఎంతమందికి చెప్పాం?

మనకి కావాల్సింది రాజు కాదు, బద్ర్. ముందొచ్చినవాళ్ళం వెనకొచ్చేవాళ్ళకి బద్ర్ అవుదాం.