ఇంటి ఇంగ్లీషు: 'బాగుంది' అనాలంటే ముందు 'ఇట్' రావాలి

ఈ వారం మనం రోజూ ఇంట్లో ఎన్నిసార్లు అంటామో లెక్కలేని ఒక మాట పట్టుకుందాం. అదే 'బాగుంది'. పులుసు బాగుంది, చీర బాగుంది, మీరు రావడం బాగుంది, అలా అనడం ఏం బాగోలేదు. ఒక్క మాటతోనే మెచ్చుకుంటాం, ఆ మాటతోనే తప్పు పడతాం. అదే మాట ఇంగ్లీషులో అనాల్సి వచ్చేసరికి గొంతు దిగదు. పిల్లవాడి స్కూల్లో టీచరమ్మ ఎదురుగా కూర్చున్నప్పుడు మనకు నచ్చని సంగతి ఒకటి చెప్పాలనే ఉంటుంది. కానీ "యెస్ మేడమ్" అనేసి లేచి వచ్చేస్తాం. మాటలు తెలియక కాదు, వాక్యం ఎక్కడ మొదలెట్టాలో తెలియక. ఆ మొదలేదో ఇవాళ చూద్దాం.

సీటు మీద తువ్వాలు

తెలుగులో "ఉక్కగా ఉంది" అంటే సరిపోతుంది. ఏది ఉక్కగా ఉందని ఎవరూ అడగరు. ఇంగ్లీషు వాక్యం అలా ఒప్పుకోదు. 'ఈజ్' అనే క్రియకు ముందున్న సీటు ఖాళీగా ఉండకూడదు. కూర్చోడానికి ఎవరూ లేకపోతే 'ఇట్'ని కూర్చోబెడతారు. "ఇట్ ఈజ్ హాట్", "ఇట్ ఈజ్ లేట్" అన్నప్పుడు ఆ 'ఇట్'కి 'అది' అని అర్థం చెప్పుకోనక్కర్లేదు.

"పెందలాడే లేవడం మంచిది" అనే మాట చూడండి. "ఇట్ ఈజ్ గుడ్ టు గెట్ అప్ ఎర్లీ" అంటారు. ఇక్కడ మంచిది ఏది? పెందలాడే లేవడం. అది పొడుగ్గా ఉంది కాబట్టి వెనకాల వచ్చింది. ముందు సీట్లో 'ఇట్' కూర్చుంది. బస్సు ఆగగానే కిటికీలోంచి సీటు మీద తువ్వాలు వేస్తారు చూడండి, 'ఇట్' అలాంటిది. అసలు మనిషి తర్వాత ఎక్కుతాడు.

జరిగిపోయిన సంగతి గురించి చెప్పాలంటే 'టు' బదులు 'దట్' వాడండి. "మీరు రావడం మంచిదయింది" అంటే "ఇట్ ఈజ్ గుడ్ దట్ యు కేమ్".

మన 'గా' తెచ్చే తంటా

నెమ్మదిగా అంటే స్లోలీ, గట్టిగా అంటే లౌడ్లీ అని చిన్నప్పుడు నేర్చుకున్నాం. 'గా' వస్తే ఎడ్వర్బ్, ఎడ్వర్బ్ అయితే చివర 'లీ' అని మనసులో పడిపోయింది. దాంతో "ఇక్కడ ప్రశాంతంగా ఉంది" అనడానికి "ఇట్ ఈజ్ పీస్‌ఫుల్లీ హియర్" అనేస్తారు. అది తప్పు. "ఇట్ ఈజ్ పీస్‌ఫుల్ హియర్" అనాలి.

దీనికి ఒక చిట్కా ఉంది. 'గా' తర్వాత ఏ క్రియ వచ్చిందో చూడండి. 'ఉంది' వస్తే ఇంగ్లీషులో ఎడ్జెక్టివ్ వాడాలి, 'లీ' పెట్టకూడదు. నడిచింది, తుడిచింది, నిద్రపోయాడు లాంటి పని చేసే క్రియ వస్తే ఎడ్వర్బ్. "బాబు ప్రశాంతంగా నిద్రపోయాడు" అంటే "బేబీ స్లెప్ట్ పీస్‌ఫుల్లీ". తెలుగులో రెండుచోట్లా ప్రశాంతంగా అనే అంటాం. ఇంగ్లీషులో రెండు మాటలవుతాయి.

వంటింట్లో పనికొచ్చే మాట ఇంకోటి. లుక్స్, స్మెల్స్, టేస్ట్స్, ఫీల్స్ ఈ నాలుగూ 'ఈజ్'కి తోబుట్టువులు. వీటి తర్వాత కూడా ఎడ్జెక్టివే. "పులుసు వాసన బాగుంది" అంటే "ద పులుసు స్మెల్స్ గుడ్". "కుక్క కంపు కొడుతోంది" అంటే "ద డాగ్ స్మెల్స్ బ్యాడ్". అక్కడ 'బ్యాడ్లీ' అంటే కుక్కకు వాసన పసిగట్టే శక్తి సరిగ్గా లేదని అర్థం వచ్చే ప్రమాదం ఉంది.

'వెల్' ఒక్కటి రెండు వేషాలూ వేస్తుంది. "షి కుక్స్ వెల్" అంటే బాగా వండుతుంది, ఇది ఎడ్వర్బ్. "ఐ యామ్ వెల్" అంటే ఒంట్లో బాగుంది, ఇది ఎడ్జెక్టివ్. "ఆల్స్ వెల్ దట్ ఎండ్స్ వెల్" అని ఇంగ్లీషు వాళ్ళ సామెత. షేక్‌స్పియర్ ఒక నాటకానికి ఇదే పేరు పెట్టాడు. ముగింపు బాగుంటే అంతా బాగున్నట్టే అని భావం. ఇందులో మొదటి వెల్ ఎడ్జెక్టివ్, రెండోది ఎడ్వర్బ్.

'హార్డ్' దగ్గర కాస్త జాగ్రత్త. "షి వర్క్స్ హార్డ్" అంటే కష్టపడి పని చేస్తుంది. పొరపాటున 'లీ' తగిలించి "షి హార్డ్లీ వర్క్స్" అన్నారంటే అసలు పనే చెయ్యదని చెప్పినట్టు!

'నాకు' ఎక్కడ పెట్టాలి?

"నాకు కష్టంగా ఉంది" అనాలనుకుని "ఐ యామ్ డిఫికల్ట్" అంటే వినేవాళ్ళకు "నేను కొరకరాని కొయ్యను" అన్నట్టు వినిపిస్తుంది. "ఇట్ ఈజ్ డిఫికల్ట్ ఫర్ మి" అనాలి. కష్టం, సులువు, ముఖ్యం, అవసరం ఇవన్నీ పనికి సంబంధించినవి. వీటికి ముందు 'ఇట్', వెనక 'ఫర్'. ఆకలి, సంతోషం, దిగులు మనలోపల పుట్టేవి. వీటికి "ఐ యామ్ హంగ్రీ", "ఐ యామ్ హ్యాపీ" అంటే చాలు.

'ఫర్' బదులు 'ఆఫ్' పెడితే అర్థం మారిపోతుంది. "ఇట్ ఈజ్ గుడ్ ఫర్ యు" అంటే అది మీకు మేలు చేస్తుందని. కాకరకాయ కూర పెట్టి అనే మాట అది. "ఇట్ ఈజ్ గుడ్ ఆఫ్ యు" అంటే అది మీ మంచితనం అని. సాయం చేసినవాళ్ళకు చెప్పే మాట ఇది. కైండ్, నైస్, రూడ్, సిల్లీ లాంటి మనిషి గుణం చెప్పే మాటలకు 'ఆఫ్' అని గుర్తు పెట్టుకోండి.

వాక్యం మొదట్లో ఎడ్వర్బ్

'ఇట్ ఈజ్' మొత్తం ఎత్తేసి ఒక్క ఎడ్వర్బ్‌తో కూడా మన అభిప్రాయం చెప్పొచ్చు. "ఇట్ ఈజ్ లక్కీ దట్ షి వాజ్ నాట్ హర్ట్" అన్నా, "లకిలీ, షి వాజ్ నాట్ హర్ట్" అన్నా ఒకటే. అదృష్టం కొద్దీ ఆమెకు దెబ్బ తగల్లేదు. అయితే ఎడ్వర్బ్ ఎక్కడుందో చూసుకోవాలి. "హి లెఫ్ట్ శాడ్లీ" అంటే అతను దిగులుగా వెళ్ళాడు. "శాడ్లీ, హి లెఫ్ట్" అంటే అతను వెళ్ళిపోవడం విచారకరం. మొదటిదాంట్లో దిగులు అతనిది, రెండోదాంట్లో చెప్పేవాళ్ళది.

'హోప్‌ఫుల్లీ'ని ఇలా మొదట్లో పెట్టడం తప్పని ఇంగ్లీషు పండితులు కొందరు చాలా ఏళ్ళు వాదించారు. అమెరికాలోని అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ తన విలేకరుల భాషా నియమాల్లో 2012లో దీన్ని ఒప్పుకుంది. కాబట్టి "హోప్‌ఫుల్లీ, ద బస్ విల్ కమ్" అని మనం నిశ్చింతగా అనొచ్చు.

మన మాట మనం చెప్పడానికి

ఇప్పుడు టీచరమ్మ దగ్గరికి వద్దాం. పిల్లవాణ్ణి అందరిముందూ తిట్టారు. "యు ఆర్ నాట్ ఫెయిర్" అంటే నేరుగా ఆవిడనే అన్నట్టవుతుంది, గొడవ మొదలవుతుంది. "ఇట్ ఈజ్ నాట్ ఫెయిర్ టు స్కోల్డ్ హిమ్ ఇన్ ఫ్రంట్ ఆఫ్ ఎవ్రీవన్" అంటే మనం జరిగిన పనిని తప్పు పడుతున్నాం, మనిషిని కాదు. "అలా అనడం బాగోలేదండీ" అనే మన మర్యాద ఇంగ్లీషులో ఈ 'ఇట్' దగ్గరే దొరుకుతుంది. తర్వాత "ఇట్ వుడ్ బి బెటర్ టు టెల్ మి ఫస్ట్" అనండి. ముందు నాకు చెబితే బాగుంటుంది అని. ఈ రెండు వాక్యాలూ వస్తే చాలు, చెప్పాల్సింది చెప్పకుండా లేచి రానక్కర్లేదు.

అయితే ఈ వాక్యంలో ఒక మెలిక కూడా ఉంది. తీర్పు చెప్పింది ఎవరో ఇందులో కనపడరు. "ఆడపిల్ల గట్టిగా నవ్వితే బాగోదు" అని మనమంతా వింటూ పెరిగాం. ఎవరికి బాగోదు? ఎవరూ చెప్పరు. ఇంగ్లీషులో "ఇట్ ఈజ్ నాట్ నైస్" అన్నా అంతే, అన్నవాళ్ళు 'ఇట్' చాటున ఉండిపోతారు. మర్యాద కోసం వాడితే మంచిదే. కానీ మన పిల్లలకు ఏదన్నా వద్దని చెప్పేటప్పుడు "ఐ డోంట్ లైక్ ఇట్, బికాజ్..." అని మన పేరుమీదే చెప్పి, కారణం కూడా చెబుదాం. అప్పుడు వాళ్ళు తిరిగి అడగడానికి ఒక మనిషి ఎదురుగా ఉంటుంది.

ఈ వారం అభ్యాసం

జవాబులు చేత్తో మూసుకుని, ముందు మీరు ప్రయత్నించండి.

1. ఇక్కడ చల్లగా ఉంది. — ఇట్ ఈజ్ కూల్ హియర్.
2. కాఫీ చేదుగా ఉంది. — ద కాఫీ టేస్ట్స్ బిట్టర్.
3. ఈ డబ్బా మూత తియ్యడం నాకు కష్టంగా ఉంది. — ఇట్ ఈజ్ డిఫికల్ట్ ఫర్ మి టు ఓపెన్ దిస్ టిన్.
4. గుర్తు పెట్టుకుని ఫోన్ చేశారు, మీ మంచితనం. — ఇట్ ఈజ్ కైండ్ ఆఫ్ యు టు కాల్.
5. ఆమె ఇల్లు శుభ్రంగా ఉంది. — హర్ హౌస్ ఈజ్ క్లీన్.

అయిదూ వచ్చాయా? రాకపోయినా ఫరవాలేదు, కూర తరుగుతూ ఇంకోసారి అనుకోండి. వచ్చే వారం 'వెరీ'కీ 'టూ'కీ ఉన్న తేడా చెప్పుకుందాం.