డాబా మీద ఆనిగెపు పాదు



మన హాస్టల్ డాబా మీద కూరగాయలు పెంచాలని నా అభిప్రాయం. ఛత్రినాకలో ఇండ్లు గోడకు గోడ ఆనుకొని ఉంటాయి. మనకు పెరడు లేదు. కానీ డాబా ఉంది, ఎండ మస్తుగా ఉంది. ఖాళీ అయిన రంగుల బకెట్లు మెట్ల కింద ఊరికే పడి ఉన్నాయి.

"మీరాలం మండి ఉంది కదా, కొనుక్కుంటే పోదా?" అని కొందరు అంటరు. నిజమే, పది బకెట్లతో హాస్టల్ మొత్తానికి కూర రాదు. ఇంకొందరు "మట్టి పని వద్దనే కదా మా అమ్మానాయిన చదువుకు పంపింది" అంటరు. ఈ మాటకే నేను జవాబు చెప్పాలె.

మట్టి పని ఎందుకు చిన్నతనం అయింది? చాలా బడుల్లో తప్పు చేసిన పిల్లలతోనే గడ్డి పీకిస్తారు. శిక్షగా ఇచ్చిన పనిని ఎవరు ఇష్టపడతరు? మా అమ్మకు సంతకం రాదు. కానీ ఏ కార్తెలో ఏ గింజ పెట్టాలో తెలుసు. విత్తనాలకు బూడిద కలిపి ఎండిన ఆనిగెపు బుర్రలో దాస్తది. మనం చదువుకున్న కొద్దీ ఆ తెలివి పోతే, మళ్లీ ఏ పుస్తకంలో వెతకాలి?

అమెరికాలో ఇరోక్వా ఆదివాసులు మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి ఒక్క చోటనే పెడతారు. వాటిని ముగ్గురు అక్కచెల్లెండ్లు అంటారు. చిక్కుడు మొక్కజొన్నను పట్టుకొని ఎక్కుతది. గుమ్మడి ఆకులు నేలను కప్పి తడి ఆరనియ్యవు. మా పోడు చేనులో కూడా జొన్నతో అనుములు, గుమ్మడి కలిపి పెడతరు. అదే మనం సైన్సులో అంతర పంటలు అని చదువుతున్నాం.

పట్నంలో కూడా ఇది కొత్త కాదు. కథలు రాసే తుమ్మేటి రఘోత్తమరెడ్డి గారు నారపల్లిలో ఇంటి మీదనే మిద్దెతోట పెంచి, దాని గురించి పుస్తకం రాశారు.

ఆనిగెపు, బీర పాదులకు 20 లీటర్ల బకెట్ కావాలి. ఒక్కో దాంట్లో ఒక్క పాదే పెట్టాలి. మట్టి, పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు కలపాలి. అడుగున బొక్కలు చేసి ఇటుకల మీద ఎత్తాలి. కింద పళ్లెం పెట్టొద్దు, నీళ్లు నిలిస్తే దోమలు పుడతాయి. తడి మట్టి బరువు కాబట్టి డాబా నడుమ కాకుండా గోడల మీదికి వచ్చేటట్టు అంచుల్లో పెట్టాలి. ఆనిగెపు పువ్వు పొద్దుగూకే యాళ్లకు విచ్చుకుంటది. పిందెలు రాలిపోతుంటే మగ పువ్వును తెంపి, పిందె ఉన్న ఆడ పువ్వుకు అద్దాలి. బియ్యం కడిగిన నీళ్లు రోజూ పారబోస్తున్నాం, అవి పాదులకు పోయొచ్చు.

మేడం గారూ, ఈ పనికి అందరికీ వంతులు వేయండి. శిక్షగా మాత్రం ఎవరికీ వేయొద్దు. మొదటి కాయ మన పప్పులోనే పడాలి.

మిత్రులారా, సెలవులకు పోయినప్పుడు తలా గుప్పెడు గింజలు తెద్దాం. అవి ఎప్పుడు పెట్టాలో, ఎట్ల దాచాలో అమ్మను అడిగి నోటుబుక్కులో రాసుకొని రావాలె.

— తొమ్మిదో తరగతి విద్యార్థిని